ఐరిన్ తండ్రి పేరిట సరస్సు

"నీళ్లలో మునిగి చచ్చినవాడి పేరు లేక్‌కి పెడతారా? బుద్ధుందా ఈ గవర్నమెంట్‌కి?" అంది ఐరిన్, కారు కెనడాలోని విన్నిపెగ్ దాటుతుండగా.

డ్రైవ్ చేస్తున్న పక్కింటి నీరజ నచ్చజెప్పబోయింది. "అలా అనకండి ఆంటీ. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీలో విమానంలోంచి దూకి, దేశం కోసం ప్రాణమిచ్చారు కదా మీ నాన్నగారు."

"ప్రాణమిచ్చాడా! పారాచూట్ చుట్టుకుని బురదనీళ్లలో పడ్డాడు. ఒక్క తూటా పేల్చలేదు. అమ్మ కడుపులో నేనున్నానని తెలిసి కూడా ఎగేసుకుంటూ వెళ్లాడు. హీరోట, హీరో!"

సరస్సు ఒడ్డున, పేరు పెట్టే సభలో ఒక అధికారి "శత్రువుతో వీరోచితంగా పోరాడి..." అని మొదలుపెట్టాడు.

"అబద్ధం!" అని అరిచింది ఐరిన్. చేతికర్ర విసిరేసి, బూట్లతోనే చల్లటి నీళ్లలోకి నడిచింది. ఎనభై దాటిన మనిషి అంత వేగంగా వెళ్తుందని ఎవరూ అనుకోలేదు.

"ఆంటీ, వెనక్కి రండి!" నీరజ పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకునేసరికి నీళ్లు ఇద్దరికీ నడుము దాకా వచ్చాయి.

ఐరిన్ ఆగింది. వణుకుతూ కిందికి చూసింది.

"అక్కడ కూడా ఇంతే లోతట, నీరజా. ఇంతే!"

తర్వాత ఆ నీళ్లతోనే మాట్లాడింది.

"లేచి నిలబడలేకపోయావా, డాడీ?"