చెల్లని తేదీ

జనన మరణాల నమోదు కార్యాలయంలో గుమాస్తా మూడోసారి మీట నొక్కాడు. తెరమీద మళ్లీ అదే ఎర్ర పెట్టె: ‘పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ ఒకటే కాకూడదు. సరిచూసుకోండి.’

"చూశారా మేడమ్, మీ ప్రోగ్రాం ఎలా మొండికేసిందో!"

దాన్ని సరిచూడ్డానికి వచ్చి పక్కనే కూర్చున్న, ప్రోగ్రాం రాసినావిడ తెర వైపే చూస్తూ, "తేదీ ఎవరో తప్పు చెప్పుంటారు," అంది.

కిటికీ అవతల నిలబడ్డ మనిషి గొంతు సవరించుకున్నాడు. "తప్పు కాదమ్మా. మా పాప పొద్దున పుట్టింది. మధ్యాహ్నానికి పోయింది."

ఆమె తెర మీంచి తల తిప్పి అతన్ని చూసింది. ఆ నియమం పెట్టింది తనే. అక్కడే కూర్చుని దాన్ని తీసేసింది.

ఈసారి కాగితం బయటికొచ్చింది. అతను రెండు చేతులా అందుకున్నాడు.

"నాకు చదువు రాదమ్మా. ఇందులో పోయినట్టేనా, పుట్టినట్టు కూడా ఉందా?"

"ఉందన్నా. ముందు అదే ఉంది."

అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి బావురుమన్నాడు.