గుహలో మరగద్ద

డేగల కొండలో ఒక గుహ ఉంది. పిల్లడేగలకు యుద్ధం నేర్పడానికి ముసలి డేగ అందులో కీలతో కదిలే ఒక మరగద్దను పెట్టింది. అది ఉత్త బొమ్మ కాదు. తనతో తలపడిన ప్రతి డేగ ఎత్తుగడనూ గుర్తుపెట్టుకుని, మర్నాడు దాని మీదే ప్రయోగించేది. గోళ్లకు దూది చుట్టి ఉండేది కాబట్టి ఎవరికీ దెబ్బ తగిలేది కాదు. కానీ గోరు తాకిందంటే చచ్చినట్టే లెక్క. రెక్కలు ముడుచుకుని నేల మీద కూర్చోవాలి. అప్పుడు మరగద్ద, "మళ్లీ మొదలెడదామా?" అని అడిగేది.

మెరిక అనే పిల్లడేగ ఆ గుహలో మూడొందల సార్లు చచ్చి, చివరికి మరగద్దనే ముప్పుతిప్పలు పెట్టింది. దాంతో మెరికను గూళ్ల కాపలాకు పెట్టారు.

ఒకరోజు నిజం గద్ద వచ్చింది. మెరిక రివ్వున ఎదురెళ్లింది. గద్ద గోరు దాని రెక్కను గీరింది. ఒక ఈక రాలింది, నాలుగు చుక్కల నెత్తురొచ్చింది, అంతే. మెరిక అలవాటుకొద్దీ కిందికి దిగి, రెక్కలు ముడుచుకుని బండ మీద కూర్చుంది. గద్ద ఏమీ అడగలేదు. నేరుగా గూళ్ల వైపు పోయింది.

"నువ్వు చావలేదే, మొద్దూ! లే!" అని ముసలి డేగ అరిచింది.

మెరిక ఉలిక్కిపడి లేచింది. ఆ రెక్కతోనే వెంటపడి గద్దను కొండ దాటేదాకా తరిమింది.

మర్నాడు గుహలో మొదటి విసురుకే మరగద్ద గోరు మెరికకు తగిలింది. మెరిక కూర్చోలేదు.

మరగద్దకు ఏమీ పాలుపోలేదు. "మళ్లీ మొదలెడదామా?" అంది.

"వద్దు," అంది మెరిక గాల్లోనే తిరుగుతూ. "దెబ్బ తగిలింది కదా, ఇక్కణ్నుంచే సాగిద్దాం."