కాషాయం కట్టిన దిష్టిబొమ్మ

గుడియాత్తంలో తాను కట్టిస్తున్న ఎస్టీడీ బూత్ ముందు రంగప్ప ఇసుకలో సాష్టాంగపడ్డాడు. మేస్త్రీ దొరై తాపీ పక్కన పడేసి పరుగెత్తుకొచ్చాడు. మిద్దె మీదున్నది దిష్టిబొమ్మ. ఊరి మఠం స్వామి ఇచ్చేసిన పాత కాషాయాన్ని దానికి చుట్టింది దొరైయే.

"లెయ్యన్నా, అది గడ్డిబొమ్మ."

"గడ్డయితేనేమప్పా, కట్టిన గుడ్డ స్వామిది గదా."

ఇంతలో, కాషాయం ఉతికి ఆరేసి తెల్లపంచెలో, తలకు తుండు చుట్టుకుని స్వామి మోపెడ్ దిగాడు. రంగప్ప ముందు నిలబడి పైకి చూశాడు.

రంగప్ప తల కొంచెం ఎత్తి విసుక్కున్నాడు. "ఎవురప్పా అది, పక్కకు జరుగు. స్వామి కనపళ్ళా."

స్వామి బుద్ధిగా పక్కకు జరిగి, బొమ్మకు చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది స్వామీ," అన్నాడు దొరై.

"తప్పేముండాది నాయనా. అది ఎండలో నిలబడి కాపలా కాస్తా ఉండాది. నేను అన్నానికి వచ్చినాను."

దొరై తలగుడ్డ తీశాడు. ఎవరికి మొక్కాలో తెలియక, ఇద్దరి మధ్యా ఖాళీగా ఉన్న చోటుకు మొక్కాడు.