తరవాణి కుండ

మా వంటింటి గోడకున్న తొట్టెకు ఆకలి తీరదు. పైనుంచి గంజి, పండ్ల తొక్కలు వేస్తూ ఉంటే కిందినుంచి ఇంధనం కారుతూనే ఉంటుంది. లోపలి ఈస్టుకు పగలూ రాత్రీ లేవు. ఊళ్లో పొయ్యిలూ బళ్లూ అన్నీ దానిమీదే నడుస్తున్నాయి. అందుకని ఇళ్లల్లో ఏదీ పులియబెట్టకూడదని చట్టం తెచ్చారు. బయటి పులుపు తగిలితే తొట్టెలో ఈస్టు చచ్చిపోతుందట. ఇప్పుడు దోసెల పిండి కూడా పొట్లాల్లోనే వస్తోంది.

ఇంధనం ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన దొరబాబు, మూలనున్న కుండ మూత తీసి, పులిసిన గంజి వాసనకు ముఖం తిప్పుకున్నాడు.

"తరవాణి కదండీ ఇది, వీరవేణిగారూ. పారబోసెయ్యాలండి."

"మా అత్తగారు పెట్టిన కుండ బాబూ. రోజూ ఓ గ్లాసు తీత్తాం, ఓ గ్లాసు గంజి పోత్తాం. ఆవిడ కాపరానికొచ్చిన కాణ్ణించీ ఇది ఆగలేదు. మీ తొట్టి చేసే పనీ అదేగా."

"రెండూ ఒకే వంటింట్లో కుదరవండి. ఏదో ఒకటే ఉంచుకోవాలి."

"అయితే మీది తీసుకెళ్లండి."

"మరి పొయ్యి ఎలా వెలుగుద్దండీ?"

"పెరట్లో కొబ్బరి మట్టలున్నాయి."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

అంతలో మేత కావాలని తొట్టె మీద ఎర్రదీపం వెలిగింది. పొద్దుటి గంజి గిన్నె అందుకుని, అతను చూస్తుండగానే మొత్తం కుండలో పోశాను. మూత పెట్టి, చేతులు తుడుచుకున్న తడిగుడ్డను ఆ దీపం మీద ఆరేశాను.