అరువు గొంతు

“ఆపండి! లైట్లు వెయ్యండి!”

ఎవాల్డ్ కేకకు టాలిన్ స్టూడియోలోని చిన్న ప్రదర్శన గది అదిరింది. తెర మీద ఆయన మొహమే, ముసలి పాటగాడి వేషంలో, నోరు తెరిచి నిలిచిపోయింది.

లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చిన దర్శకుడు వాదిమ్ కంగారుగా లేచాడు. “ఈసారి మీకు నచ్చుతుందనుకున్నాను, ఎవాల్డ్ గారూ.”

“నచ్చడమా? ఇన్నేళ్ళూ మీ సినిమాల్లో జర్మన్ జనరల్ని నేనే, అమెరికా షావుకారుని నేనే. నా రష్యన్‌లో మా భాష యాస ఉందని ప్రతిసారీ ఎవడో మాస్కోవాడి గొంతు అతికించారు. మొహం మాది, నాలుక మీది! మాటలకి ఊరుకున్నాను. ఇప్పుడు పాటకి కూడానా? ఒపెరాలో జీవితమంతా పాడినవాడికి అరువు గొంతా?”

“అసలు జరిగింది...”

“నోరు ముయ్యి! నా గొంతు నాకు తెలియదా? నా కుర్రతనపు రికార్డు ఇంట్లో రోజూ పెట్టుకుని వింటాను. షూటింగులో నేను పాడితే సముద్రం ఒడ్డున రాళ్ళు కదిలాయి. వీడెవడో మేకలా అరిచాడు!”

భార్య హిల్యా ఆయన చెయ్యి పట్టి లాగింది. “కూర్చో. గుండె దడ వస్తుంది.”

“రానీ! పై స్వరం అందక ఎలా జారాడో విన్నావా?”

“విన్నాను” అందామె నేల చూస్తూ.

“పైగా మన యాస కూడా దింపాడు, వెధవ! వెక్కిరింపు!”

వెనక వరసలో లెంబిత్ కూర్చుని ఉన్నాడు. ఒపెరా వాద్యబృందాన్ని నడిపేది ఆయనే. తన నటన చూపిద్దామని ఎవాల్డే వెంటబెట్టుకొచ్చాడు.

“చూడు లెంబిత్, కొత్త ఒపెరాలో రాజు పాత్ర నాకా, ఆ కుర్రకుంక రైన్‌కా అని రేపు తేల్చేది నువ్వు. ఈ దరిద్రపు పాట విని నా పని అయిపోయిందనుకోకు.”

లెంబిత్ టోపీని ఒళ్ళో తిప్పాడు. “ఒక్క మాట. ఇలా పాడేవాడికి నువ్వైతే రాజు పాత్ర ఇస్తావా?” అన్నాడు.

“రాజా? థియేటరు గుమ్మంలో జనం కోట్లు తగిలించే పని కూడా ఇవ్వను!”

“నిజంగానే అంటున్నావా?”

“నిన్ను దయ్యం ఎత్తుకుపోనూ, ఎన్నిసార్లు చెప్పాలి? గొంతు పోయాక కూడా వేదికని పట్టుకు వేలాడేవాడు పాటకి ద్రోహి. వాణ్ణి ఇంటికి పంపాలి!”

“సరే. నీ మాటే కానీ” అని లెంబిత్ టోపీ పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎవాల్డ్ వాదిమ్ మీదకి వేలు చూపించాడు. “ఆ గొంతు తీసెయ్! లేదా నా మొహం కత్తిరించి పారెయ్!”

తలుపు దఢాలున మూసుకుంది. బయట మెట్ల మీద ఆయన తిట్లు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.

“ఇప్పుడు ఎవరిచేత పాడించమంటారమ్మా?” అని అడిగాడు వాదిమ్ నీరసంగా.

హిల్యా శాలువా కప్పుకుని లేచింది. “నీ ఇష్టం బాబూ, ఎవరైనా సరే.”

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“అది తన గొంతేనని మాత్రం ఆయనకి చెప్పకు.”