ఎడమకు వాలే కారు

ఎండ నెత్తికెక్కుతోంది. నరేష్ ఇంకా అన్నం ముట్టలేదు.

రోశమ్మ కొడుక్కి ఇష్టమైనవన్నీ వండి తెచ్చింది. కోడికూర, ఉడికించిన గుడ్లు, అలసందల వడలు. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అతను తినందే మిగతావాళ్లు తినరు. చుట్టాలంతా ఆకలి చంపుకుని, చేలో ఎక్కడ కాస్త నీడ దొరికితే అక్కడ కూలబడ్డారు.

"మనమంతా గుడ్లప్పగించి చూస్తా ఉంటే వాడేం తింటాడు? అవతలికి పోదాం రాండి," అన్నాడు నరేష్ పెదనాయన ఆదిశేషు.

అందరూ లేచి దూరంగా పోయారు. కాసేపు చూశారు. ఊహూ.

మొండిఘటం. చిన్నప్పుడు తిరనాళ్లలో బూర కొనివ్వలేదని రెండు పూటలు పస్తున్న రకం. ఆ గుణం ఎక్కడినుంచో ఊడిపడలేదు. మొండితనంలో తండ్రి మాలకొండయ్య కొడుకు కంటే రెండాకులు ఎక్కువే చదివాడు.

"వాడి పానమంతా ఆ కారు మీదనే," అంది రోశమ్మ మొగుడితో. "దాన్ని బాగుచెయ్యి. అప్పుడు తింటాడు."

కారంటే ఎక్కి తిరిగే కారు కాదు. మూరెడు ఉంటుంది, రిమోట్‌తో నడుస్తుంది. రేసులాడేవాళ్లు వాడి వదిలేసినదాన్ని నరేష్ హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాడు. సూటిగా పోతే బాణమే. మలుపు తిప్పితే మాత్రం బోర్లా పడేది. ఊరికే నిలబెట్టినా ఎడమకు వాలేది. కుదుపులు తట్టుకునే వెనక షాకులో ఆయిల్ ఎప్పుడో కారిపోయింది.

పది రోజుల కింద ఒక సాయంత్రం నరేష్ దాన్ని విప్పి ముందేసుకుని పిలిచాడు.

"నాయనా, ఈ షాకు కాస్త నిటారుగా పట్టుకో. ఆయిల్ పోస్తా."

"ఇరవై నాలుగేండ్లు వచ్చినాయి, బొమ్మలేందిరా నీకు? గొర్లకు నీళ్లెవడు పెడతాడు?" అంటూ మాలకొండయ్య కారును కాలితో తన్నాడు.

నరేష్ విప్పినవన్నీ అట్లాగే వదిలేసి లేచాడు. బైకు తీసుకుని బయటికి పోయాడు. అంతే, అప్పటినుంచి తండ్రికి కొడుకు మాట లేదు.

ఇప్పుడు ఆ తండ్రే కల్లం గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, షాకు నిటారుగా పట్టుకున్నాడు. ఆయిల్ పోస్తున్నది నరేష్ స్నేహితుడు నాగేంద్ర.

"కదిలించొద్దు మామా. ఈ పుల్లను మెల్లగా పైకీ కిందికీ ఆడించాల. లోపలుండే గాలి బుడగలన్నీ బయటికి రావాల. ఒక్కటి మిగిలినా షాకు సరిగ్గా పనిచెయ్యదు."

బుడగలు తీరిగ్గా, ఒక్కొక్కటే పైకి వచ్చాయి. మాలకొండయ్యకు ఓపిక లేదని ఊరంతా అంటుంది. ఆ పూట మాత్రం చివరి బుడగ పగిలేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు.

స్ప్రింగుల దగ్గరికి వచ్చేసరికి సొంత తెలివి చూపించబోయాడు. వాటిని బిగించే రింగును పట్టుకుని బలంగా తిప్పాడు.

"గట్టిగా ఉంటే తట్టుకుంటాది గదా?"

"ఇది లోడు బండి కాదు మామా. గట్టిగా ఉంటే ఎగిరెగిరి పడతాది. ఒత్తితే కుంగాల, వదిలితే మెల్లగా లేవాల."

"అట్లనా? నాకు చెప్పలేదే వాడు."

"చెప్పేదానికి నువ్వు నిలబడితే గదా," అంది రోశమ్మ.

మాలకొండయ్య రింగును వదులు చేశాడు.

చదునుగా ఉంటుందని పలకరాయి మీద కారు పెట్టారు. నాగేంద్ర స్క్రూడ్రైవర్ మొనను ముందు భాగం మధ్యలో ఆనించి ఎత్తాడు. కుడి టైరు ముందుగా లేచింది. వెనక రింగు కాస్త తిప్పి మళ్లీ ఎత్తాడు. ఇంకా తేడా ఉంది. ఇంకాస్త తిప్పాడు. చివరికి రెండు టైర్లూ కలిసి లేచాయి. కారు ఎటూ వాలకుండా నిలబడింది.

నాగేంద్ర రిమోట్‌ను మాలకొండయ్య చేతిలో పెట్టాడు.

"నువ్వే తిప్పు మామా. వాడికి అదే కావాల్సింది."

కారు కల్లమంతా తిరిగింది. మలుపులో కొంచెం వంగింది, సర్దుకుంది, దూసుకుపోయింది. ఒక్కసారి కూడా బోర్లా పడలేదు. చుట్టాల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి, రోశమ్మ మొహం చూసి మానుకున్నారు.

అందరూ అన్నం వైపు తిరిగారు. ఎక్కడిదక్కడే ఉంది. వడల మీద ఈగలు ముసురుతున్నాయి.

మాలకొండయ్య రిమోట్ కింద పెట్టి చేతులు జోడించాడు. కొడుక్కి దండం పెట్టే తండ్రిని ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

"తన్నింది తప్పేరా. ఇంక నిన్ను ఏమీ అనను. గొర్లు నేనే చూసుకుంటా. ఒక్క ముద్ద తిను నాయనా, మీ అమ్మ చూడు ఎట్ల ఏడుస్తా ఉందో."

ముద్ద కదల్లేదు.

"చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అంది రోశమ్మ. తిట్టాలనే అంది గానీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "కారు కాదంటే ఇంకేం కావాలో ఏమో వాడికి. మనకెట్ల తెలస్తాది?"

"నా మీద కోపం పోలేదు వాడికి," అన్నాడు మాలకొండయ్య. "ఇంక పోదు."

మట్టిలోనే చతికిలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆదిశేషు పొద్దు వైపు ఒకసారి చూసి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "ఇంక కాకి ముట్టదులే మాలకొండయ్యా, పిండం ఎత్తి ఆవుకు పెడదాం పద," అన్నాడు.