ఆ ఓడ ఎవరిది?

లాయరు అమ్ముడుపోయాడని ఆమెకు గట్టి అనుమానం.

ఓడ అడుగు చీలి సముద్రమంతా చమురు తెట్టు కట్టి మూడు నెలలైంది. మొగుడి పడవ ఒడ్డెక్కింది. వలలు తారులో ముంచి తీసినట్టున్నాయి. రేవులో ఏ ఇంట్లోనూ రెండో పూట పొయ్యి వెలగడం లేదు. చేపలు పట్టేవాళ్ల సంఘానికి పెద్ద అయిన ఆమె మరిదే ఈ లాయరును కుదిర్చాడు.

మొదట్లో లాయరు బాగానే చెప్పాడు. ఓడ యజమాని నష్టపరిహారం ఎంతవరకు కట్టాలో చట్టం ఒక హద్దు గీసిందట. ఓడ పరిమాణాన్ని బట్టి ఆ కాస్తా పడేసి చేతులు దులుపుకోవచ్చట. ఓడ పాడైందని తెలిసి కూడా మొండిగా నడిపించాడని రుజువైతే మాత్రం ఆ హద్దు చెరిగిపోతుంది. ఉన్నదంతా అమ్మైనా కట్టాల్సిందే.

కానీ యజమానిగా ఏదో కంపెనీ పేరే తప్ప మనిషి జాడ లేదు. ఆ ఓడ పనులు రేవులో చూసే ఏజెంటు ఆఫీసులో ఆమె ఇరవై ఏళ్లుగా ఊడుస్తోంది. సంతకం పెట్టడం తప్ప చదువు రాకపోయినా, ఆ ఓడ బొమ్మ అంటించిన ఫైలు ఏదో ఆమెకు తెలుసు. తడిగుడ్డల కింద దాచి తెచ్చి లాయరు చేతిలో పెట్టింది.

అప్పటినుంచే అతని తీరు మారింది.

ఆమె కనబడితే ఫోను పెట్టేస్తాడు. ఏజెంటు ఎన్నాళ్లుగా తెలుసని అడుగుతాడు. ఉంటున్న పెంకుటిల్లు కాక ఆమె పేరున ఇంకేమైనా ఉందా అని ఆరా తీస్తాడు. మరిదీ మొహం చాటేస్తున్నాడు. ఆమె గుమ్మంలో అడుగుపెడితే సంఘం ఆఫీసులో మాటలు ఆగిపోతున్నాయి. ఇద్దరూ కలిసి ఫైలు ఏజెంటుకే అమ్మేశారని ఆమెకు ఖాయమైపోయింది.

ఇక ఆగలేక లాయరు గదికి వెళ్లి తలుపేసి నిలబడింది.

"నా ఫైలు నాకివ్వండి. ఎంతకు అమ్ముకున్నారో చెప్పండి."

లాయరు సొరుగులోంచి ఫైలు తీశాడు. ఒక్క కాగితం కూడా పోలేదు.

"రుజువు దొరికిందమ్మా," అన్నాడు నెమ్మదిగా. "అడుగున పగులుందని ఇంజనీరు ముందే రాసిచ్చాడు. ఓడ యజమాని అది చూసినట్టు కింద సంతకం కూడా ఉంది. హద్దు చెరిగిపోయినట్టే."

ఆమె గుండె బరువు ఒక్కసారిగా దిగింది. అనుమానించినందుకు సిగ్గేసింది.

"ఇంకేం బాబూ, ఎవడా దుర్మార్గుడు? దాక్కున్నచోటు నుంచి బయటికి ఈడ్చండి. ఇల్లూ వాకిలీ వేలం వేయించండి."

లాయరు కాగితం ఆమెవైపు తిప్పి, సంతకం మీద వేలు పెట్టాడు.

అది జీతం కాగితాలంటూ ఏజెంటు ఏళ్ల తరబడి ఆమెచేత పెట్టించుకున్న ఆమె సంతకమే.